రాత్రి ఒంటికి గాలి తగలాలి

చీర కట్టుకునే ఆడవాళ్ల నడుము మీద, లోపలి లంగా బొందు పడే చోట ఒక చార ఉంటుంది. చిన్న వయసులో అది ఎర్రటి గీత మాత్రమే. రాత్రి బొందు వదులు చేస్తే తెల్లారేసరికి పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అదే గీత నల్లబడుతుంది, చర్మం మందమవుతుంది, సన్నగా పొట్టు రాలుతుంది. ఎండాకాలం చెమట చేరి మంట పుడుతుంది. గోకితే చిట్లుతుంది. మర్నాడు మళ్లీ అదే చోట, అంతే బిగువుగా, అదే బొందు. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ దీన్ని జబ్బుగా ఎన్నడూ లెక్కవేయలేదు. కాస్త కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నారు. చాలామంది ఆ బొందు బిగించుకునే పడుకున్నారు.

2024లో మహారాష్ట్రలోని వార్ధా, బీహార్‌లోని మధుబని వైద్య కళాశాలల డాక్టర్లు 'బీఎంజే కేస్ రిపోర్ట్స్' పత్రికలో ఇద్దరు స్త్రీల సంగతి ప్రచురించారు. ఒకామెకు డెబ్బై ఏళ్లు. ఇంకొకామె డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి. మొదటామెకు నడుము మీద పడిన పుండు ఏడాదిన్నర అయినా మానలేదు. రెండో ఆమె లంగా లేకుండా చీరనే నడుముకు బిగించి కట్టే అలవాటున్న మనిషి; ఆమె పుండు వయసు రెండేళ్లు. ముక్క తీసి పరీక్షిస్తే ఇద్దరికీ చర్మ క్యాన్సరని తేలింది. రెండో ఆమెకు అప్పటికే గజ్జల్లోని గ్రంథికి పాకింది. ఇది కొత్తగా బయటపడ్డ విషయమేమీ కాదు. 1945లోనే ఖనోల్కర్, సూర్యబాయి అనే మన దేశపు శాస్త్రవేత్తలు పంచె ముడి పడే చోట వచ్చే ఇలాంటి క్యాన్సర్ గురించి రాశారు. దానికి 'ధోవతి క్యాన్సర్' అన్న పేరే స్థిరపడింది.

ఇది చాలా అరుదు. చార ఉన్న ప్రతి నడుమూ పుండు పడదు, పడిన ప్రతి పుండూ క్యాన్సర్ కాదు. నేను దీన్ని ముందు చెప్పింది భయపెట్టడానికి కాదు. పగలంతా ఒత్తిడినీ రాపిడినీ తడినీ భరించిన చర్మానికి కోలుకునే వేళ రాత్రి ఒక్కటే. ఆ ఏడెనిమిది గంటలను కూడా బొందుకూ ఎలాస్టిక్‌కూ పాలియెస్టర్‌కూ ఇచ్చేస్తున్నాం. పడకబట్టల గురించి మనం మాట్లాడుకోవలసినదంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

నిద్రపట్టే వేళ ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన లోపలి వేడి రోజంతా ఒక్కలా ఉండదు. సాయంత్రం ఎక్కువగా ఉండి, పడుకునే వేళకు దిగడం మొదలుపెట్టి, తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అన్నిటికన్నా తక్కువకు చేరుతుంది. తేడా సుమారు ఒక డిగ్రీ సెల్సియస్. ఆ వేడి బయటికి పోవడానికి శరీరం అరచేతులనూ అరికాళ్లనూ వాడుకుంటుంది. అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వెచ్చటి రక్తం చర్మం దాకా వస్తుంది, వేడి గాలిలోకి పోతుంది. నిద్ర ముంచుకొచ్చే పసిపిల్లల అరచేతులు పట్టుకుంటే వెచ్చగా తగలడానికి కారణం ఇదే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో 'నేచర్' పత్రికలో ఈ విషయమే చూపించారు. చేతులూ కాళ్లూ ఎంత వెచ్చబడితే నిద్ర అంత త్వరగా పడుతుంది.

రాత్రి స్నానం నిద్ర పట్టిస్తుందన్న పెద్దల మాటకు కూడా కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ జల్లెడపట్టి 2019లో ఒక లెక్క తేల్చారు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడినీళ్లతో స్నానం చేస్తే, నిద్ర పట్టడానికి తీసుకునే సమయం సగటున పది నిమిషాల దాకా తగ్గుతుంది. వేడినీళ్లు చర్మానికి రక్తాన్ని రప్పిస్తాయి. ఆ తర్వాతి గంటలో శరీరం తన వేడిని త్వరగా వదిలించుకుంటుంది. స్నానం చేసిన వెంటనే మంచమెక్కితే ఆ లాభం అంతగా ఉండదు. ఎండాకాలం ఉక్కపోత రాత్రుల్లో వేడినీళ్లు ఎవరూ పోసుకోలేరు. అప్పుడు కుండలో నీళ్లంత చల్లగా కాకుండా మామూలు నీళ్లతో చెమట కడుక్కుంటే చాలు.

ఒంటికీ దుప్పటికీ మధ్య చిక్కుకున్న ఆ కాస్త గాలికి కూడా ఒక వాతావరణం ఉంటుంది. అది 32 నుంచి 34 డిగ్రీల వేడితో, 40 నుంచి 60 శాతం తేమతో ఉన్నప్పుడు నిద్ర హాయిగా సాగుతుందని నిద్ర మీద పనిచేసేవాళ్లు చెబుతారు. తేమ అంతకు మించితే చెమట పడుతుంది గానీ ఆరదు. ఒక లీటరు చెమట ఆరిపోతే సుమారు 580 కిలో క్యాలరీల వేడిని వెంటబెట్టుకుపోతుంది. అదే చెమట ఆరకుండా ఒంటి మీదుగా కారిపోతే పైసా ప్రయోజనం లేదు. మచిలీపట్నం, కాకినాడ, విశాఖల్లో మే నెల రాత్రి ఫ్యాను కింద పడుకుని కూడా మెడ కింద దిండు తడిసిపోవడం ఇందుకే. నిజామాబాద్, రామగుండం వైపు పగటి ఎండ భరించరానిదైనా గాలి పొడి కాబట్టి చెమట ఆరుతుంది. అక్కడ నీళ్లు తాగకపోవడమే పెద్ద ప్రమాదం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో శరీరం తన వేడిని సర్దుకునే పనిని దాదాపు పక్కన పెట్టేస్తుంది. చెమట పట్టడం, వణకడం రెండూ బాగా తగ్గుతాయి. ఆ దశ రాత్రి చివరి భాగంలో, తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. పదకొండింటికి ఒంటికి హాయిగా ఉన్న ఏసీ నాలుగింటికి మనల్ని ముడుచుకునేలా చేసేది అందుకే. ఆ వేళ మనల్ని కాపాడేది ఒంటి మీద బట్ట, అందేంత దూరంలో ఒక పల్చటి దుప్పటి.

ఇక బట్ట సంగతి. మామూలు గాలిలో ఆరేసిన నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పోగులోనే దాచుకోగలదు. ఉన్ని అయితే 16 శాతం దాకా. పాలియెస్టర్ 0.4 శాతం. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే షాపులో సేల్స్‌మన్ మాటలు అక్కర్లేదు. శాటిన్ పేరుతో మెరుస్తూ వేలాడే నైటీల్లో ఎక్కువ భాగం పాలియెస్టరే. చేతికి చల్లగా, జారుడుగా తగులుతుంది, ఒంటి మీద గంటసేపు ఉంటే ఉక్కపోస్తుంది. అనుమానముంటే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, సింకు మీద పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితంలా కాలి, నలిపితే బూడిదవుతుంది. పాలియెస్టరైతే కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కలిపి నేసినదైతే కొంత బూడిద, కొంత గట్టి ముద్ద.

ఆ కరిగే గుణం గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. మన ఇళ్లలో నైటీ పడకబట్టగా మిగల్లేదు. పొద్దున్న లేచి అదే నైటీతో స్టవ్ దగ్గర నిలబడతారు. వదులు చేతులు, వేలాడే అంచు మంటకు దగ్గరగా ఉంటాయి. నూలుకు కూడా మంట అంటుకుంటుంది, కానీ సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది; ఆ గాయం లోతుగా కాలుతుంది. పడకకు వేసుకున్న బట్టతో పొయ్యి దగ్గరికి పోకండి.

నూలైతే ఏదైనా ఒకటే అనుకోవడమూ సరి కాదు. మందపాటి నూలు బట్ట ఒకసారి తడిసిందంటే ఆరడానికి చాలాసేపు పడుతుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు పల్చటి, వదులైన నేత కావాలి. వాయిలు, పాత మంగళగిరి పంచె, వాడి వాడి మెత్తబడ్డ చేనేత చీరతో కుట్టించిన నైటీ, వీటికి సాటి వచ్చేవి తక్కువ. కొత్త బట్టకు ఉండే పూత, గంజి నీటిని అంత తేలిగ్గా పీల్చుకోనివ్వవు, మెడ దగ్గరా చంకల దగ్గరా ఒరుసుకుంటాయి. పడకకు వేసుకునే బట్టకు గంజి పెట్టవద్దు, కొత్తదాన్ని ఒకటి రెండుసార్లు ఉతికాకే వేసుకోండి.

కంపు సంగతి కూడా ఇందులోదే. చెమటకు తనంతట తనకు వాసన లేదు. చంకల్లో, గజ్జల్లో ఉండే ప్రత్యేక గ్రంథుల స్రావాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడే వాసన పుడుతుంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో వ్యాయామం చేసినవారి టీషర్టులను పోల్చి చూస్తే, నూలు వాటికన్నా పాలియెస్టర్‌వి ఎక్కువ కంపు కొట్టాయి. కంపు పుట్టించే మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలియెస్టర్ మీదే బాగా పెరిగింది. ఆటల జెర్సీ వేసుకుని పడుకునే కుర్రవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. తామర. పదిహేనేళ్ల కిందట ఒక ట్యూబు ఆయింట్‌మెంట్‌తో పోయే ఈ జబ్బు ఇవాళ నెలల తరబడి వదలడం లేదు. చర్మ వైద్యుల దగ్గర కూర్చునేవాళ్లలో ఎంతమంది గజ్జలూ నడుమూ గోక్కుంటూ వస్తున్నారో ఆ వైద్యులనే అడగండి. మన దేశంలో బాగా పాకిన ఒక శిలీంధ్రానికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ అనే మామూలు మందుకు అది చాలాసార్లు లొంగదు. దానికి కావలసినవి మూడే: వెచ్చదనం, తడి, చర్మపు పైపొరలోని కెరటిన్. రాత్రంతా బిగుతు జీన్స్‌తోనో, పగలు వేసుకున్న లోదుస్తులతోనో, స్నానమయ్యాక సరిగ్గా తుడుచుకోని గజ్జలతోనో పడుకుంటే ఆ మూడూ మనమే అమర్చిపెట్టినట్టు.

దురద రాత్రే ఎందుకు ఎక్కువవుతుందని చాలామంది అడుగుతారు. రాత్రి చర్మం వెచ్చబడుతుంది, చర్మంలోంచి తేమ ఎక్కువగా పోతుంది, వాపును అణచే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో తగ్గి ఉంటుంది. పైగా మనసును మళ్లించే పనులేవీ ఉండవు. అందుకే నిద్రలో గోకుతారు, గోళ్ల కింద చేరిన పొట్టు ఇంకో చోటికి అంటుతుంది. అందుకని గోళ్లు కత్తిరించుకోవడం కూడా చికిత్సలో భాగమే. గజ్జి అయితే దాన్ని పుట్టించే పురుగు చర్మంలో తొలుచుకుంటూ పోతుంది. ఆ దురద కూడా రాత్రే విజృంభిస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేళ్ల సందుల్లో గోక్కుంటుంటే తామర మందు రాసుకుంటూ కూర్చోకండి, డాక్టరుకు చూపించండి.

మందుల షాపులో చెప్పి తెచ్చుకునే ఆయింట్‌మెంట్ల గురించి గట్టిగా చెప్పాలి. క్లోబెటాసోల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపిన క్రీములు రెండు రోజుల్లో దురద తగ్గిస్తాయి. శిలీంధ్రం మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది, మచ్చ అంచులు పాకుతాయి, చర్మం పల్చబడి గజ్జల్లో శాశ్వతమైన చారలు పడతాయి. చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఈ దుర్వినియోగం మీద ప్రత్యేకంగా ఒక దళాన్నే ఏర్పాటు చేసి పోరాడుతోంది.

మొలతాడు మాట ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ తడిసిన నల్లతాడు రోజుల తరబడి ఆరకుండా నడుమును అంటిపెట్టుకుని ఉంటే, తామర తగ్గినట్టే తగ్గి దాని కిందనుంచే మళ్లీ మొదలవుతుంది. చికిత్స సాగినన్నాళ్లు తీసి దేవుడి దగ్గర పెట్టండి, తగ్గాక కొత్తది కట్టుకోండి. ఈ మాట చెప్పగలిగే వైద్యుడు ఇంటి పెద్దలతో మర్యాదగా చెబితే కాదనేవాళ్లు తక్కువ.

లోదుస్తులు రాత్రి వేసుకోవాలా వద్దా? గజ్జల్లో తడి, దురద ఉండేవాళ్లు తీసేసి వదులు లుంగీతోనో నైటీతోనో పడుకోవడం మేలు. వేసుకోవాలనుకుంటే ఉతికిన నూలువి, వదులువి వేసుకోండి. మగవాళ్ల సంగతిలో ఇంకో కోణం కూడా ఉంది. వృషణాలకు శరీరపు వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి. హార్వర్డ్ పరిశోధకులు 2018లో 656 మంది మగవాళ్ల వివరాలు ప్రచురించారు. వదులు బాక్సర్లు వేసుకునేవాళ్ల వీర్యకణాల సాంద్రత బిగుతువి వేసుకునేవాళ్లకన్నా 25 శాతం ఎక్కువ. వాళ్లంతా సంతాన చికిత్స కోసం వచ్చిన జంటల్లోవాళ్లు కాబట్టి దీన్ని అందరికీ వర్తించే లెక్కగా తీసుకోకూడదు; పైగా ఈ అధ్యయనం పగటి అలవాటునూ రాత్రి అలవాటునూ వేరు చేసి చూడలేదు. పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు లుంగీ కట్టుకుని పడుకుంటే పోయేదేమీ లేదు.

ఆడవాళ్లకు యోని లోపల లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఆమ్లత్వాన్ని నిలబెడుతుంది. అదే రక్షణ. పడుకునే ముందు సబ్బులతో, టీవీలో చూపించే ప్రత్యేక ద్రావణాలతో లోపల కడగడం ఆ రక్షణను చెడగొట్టడమే. బయట మామూలు నీళ్లు చాలు. నెలసరి రోజుల్లో పడుకునే ముందు కొత్త ప్యాడ్ మార్చుకుని, లేచిన వెంటనే మళ్లీ మార్చుకోవాలి. బ్రా వేసుకుని పడుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు. 2014లో అమెరికాలోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధనా కేంద్రం వాళ్లు బ్రా వేసుకునే అలవాట్లను పరిశీలించి, సంబంధం ఏమీ లేదని తేల్చారు. రొమ్ముల కింద చెమట చేరి ఒరుసుకుపోవడం మాత్రం నిజమే. దానికోసం తీసేయండి.

ఇవన్నీ చెప్పడం తేలిక. రాత్రి పదింటికి గిన్నెలు తోమి, పాలు తోడుపెట్టి, పొద్దుటి టిఫినుకు పిండి రుబ్బి, తడిసిన నైటీ అంచుతోనే మంచం మీద వాలిపోయే గృహిణికి ఈ వ్యాసం ఏం చెబుతుంది? ఆమెకు తెలియక కాదు, ఆ ఓపిక ఉండదు. కొన్ని ఇళ్లలో మామగారు హాల్లో టీవీ చూస్తున్నంతసేపూ కోడలు చీర మార్చుకోవడానికి వీలుండదు. ఆరోగ్యం గురించి రాసేవాళ్లం ఆమెకు చిట్కాలు చెబుతాం గానీ, గిన్నెలు ఇంకెవరైనా తోమాలని రాయం. ఇంట్లో మిగతావాళ్లు ఆ అరగంట ఆమెకు ఇవ్వాలి. మొహం, మెడ, చంకలు, పాదాలు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, ఉతికిన బట్ట వేసుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

పాదాలు కడుక్కోవడం మనకు పాత అలవాటే. వేళ్ల సందులు తుడుచుకోవడమే మరిచిపోతాం. నాట్లు వేసే రోజుల్లో పొద్దంతా నీళ్లలో నిలబడినవాళ్లకు ఆ సందులు తెల్లగా పాచిపోయి చిట్లుతాయి. రాత్రి పొడిబట్టతో ఒక్కో సందూ తుడుచుకుని గాలికి ఆరబెట్టుకుంటే చాలావరకు రాకుండా ఆగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ సమయంలోనే అరికాలు తిప్పి చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి గాయమైనా తెలియదు.

పళ్లు పొద్దున్న తోముకోవడం ఎంత తప్పనిసరో, రాత్రి తోముకోవడం అంతకన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. నోట్లో పుట్టే ఆమ్లాన్ని కడిగి విరిచేది అదే. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల ముందుపళ్లు నల్లబడి ఊడడం ఇందువల్లే.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, పసివాళ్ల గురించి. పుట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా బరువు తక్కువగా పుట్టినవాళ్లకు టోపీ, వెచ్చదనం కావాలి. అక్కడ డాక్టర్ చెప్పిందే మాట. ఆ తర్వాత మాత్రం బాలింత గదిలో తలుపులు బిగించి, స్వెట్టరూ టోపీ తొడిగి, దుప్పట్లు చుట్టి పడుకోబెట్టడం మంచిది కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పే కొలత సులువుగా ఉంటుంది. ఆ గదిలో పెద్దవాళ్లకు ఎన్ని పొరలు కావాలో, బిడ్డకు అంతకన్నా ఒక్క పొర ఎక్కువ, అంతే. నిద్రలో టోపీ వద్దు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడి తగిలితే ఒక పొర తీసేయాలి. చెమటకాయలు పేలేది చెమట నాళాలు మూసుకుపోవడం వల్ల, పౌడరు చల్లితే తగ్గవు, గాలి తగిలితే తగ్గుతాయి.

చివరికి ఉతుకుడు. జర్మనీలోని హోహెన్‌స్టైన్ సంస్థ వాళ్లు 2011లో తామర శిలీంధ్రం అంటిన గుడ్డలను వేర్వేరు వేడిలో ఉతికి చూశారు. 30 డిగ్రీల నీళ్లలో అది చావలేదు, 60 డిగ్రీల్లో చచ్చింది. ఒకే బుట్టలో కలిపి ఉంచిన బట్టల్లో ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకుంది కూడా. రజకులు చవుడు పట్టించి బానలో ఆవిరి మీద ఉడకేసిన బట్టలకు ఈ బెడద ఉండేది కాదు. ఇప్పుడు చల్లనీళ్ల వాషింగ్ మెషిన్లో ఇంటిల్లిపాది బట్టలూ కలిపి వేస్తున్నాం. తామర ఉన్నవాళ్ల లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు విడిగా వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. దిండు గలేబులూ దుప్పట్లూ వారానికొకసారి మార్చండి. పరుపులో రాలిన మన చర్మపు పొట్టే తిండిగా బతికే డస్ట్ మైట్లు ఆస్తమా ఉన్నవాళ్లను తెల్లవారుజామున దగ్గుతో లేపుతాయి. వాటికి తేమ కావాలి, అందుకే వేసవి ఎండలో మేడ మీద పరుపులు వేయడం మంచి పని.

అదే ఎండ ఆడవాళ్ల లోదుస్తులకు మాత్రం దక్కడం లేదు. ఎవరైనా చూస్తారని లంగా కిందో, తువ్వాలు చాటునో, బాత్‌రూమ్ మేకుకో ఆరేస్తారు. వానాకాలంలో అవి రెండు రోజులైనా పూర్తిగా ఆరవు. చెమ్మ ఉండగానే వేసుకుంటారు. ఎలాస్టిక్ కుట్టులోని తడి అన్నిటికన్నా ఆఖరున ఆరుతుంది, గజ్జల మడతకు సరిగ్గా తగిలేది ఆ కుట్టే. తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా, అందరి బట్టల పక్కనే దండెం మీద ఎండకు వేయండి. ఎండ లేని రోజుల్లో కుట్టు మీద ఇస్త్రీ పెట్టెతో ఒకసారి అదమండి. ఇంట్లో ఒకరికి తామర ఉంటే పక్కలో పడుకునేవాళ్లందరినీ ఒకే రోజు డాక్టరుకు చూపించి, మచ్చ మాయమైన తర్వాత కూడా ఆయన చెప్పినన్నాళ్లు మందు ఆపకండి.